కందిచేలో లేడిపిల్ల

పిల్లలూ, మక్తల్ వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లలో దసరా నాటికి కంది నడుమెత్తు దాటి ఉంటుంది. అలాంటి చేలో సాళ్ల మధ్య నడుస్తుంటే ఒక్కోసారి కాలికి అడుగు దూరంలో ఓ లేడిపిల్ల కనబడుతుంది. పొద్దున మీరు చూసింది అదే. నాలుగు కాళ్లూ కడుపు కిందికి మడుచుకుని, మెడ చాచి నేలకు ఆనించి, చెవులు మెడకు అంటించి పడుకుని ఉంటుంది. ఒళ్లంతా ఎండుగడ్డి రంగు. ముక్కు మాత్రం నల్లగా, తడిగా మెరుస్తుంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి. చెవి మీద చీమ పాకుతున్నా చెవి విదల్చదు. ఊపిరి తీస్తోందా లేదా అని అనుమానం వచ్చి, డొక్క వైపు కాసేపు అలాగే చూస్తే తప్ప తెలియదు.

మీలో చిన్నది వెంటనే అడిగింది, ‘తాతా, వాళ్లమ్మ ఏది?’ అని. పెద్దవాళ్లకు కూడా ముందు తట్టే ప్రశ్న ఇదే. కాకపోతే పెద్దవాళ్లు జవాబు కోసం ఆగరు. ‘పాపం, తల్లి వదిలేసి పోయింది’ అని తామే తేల్చేస్తారు. తువ్వాల్లో చుట్టి ఇంటికి తెస్తారు. వాడకట్టు పిల్లలంతా చుట్టూ చేరతారు, ఫొటోలు తీస్తారు, సీసాతో ఆవుపాలు పడతారు. మూడోనాడో నాలుగోనాడో అది విరేచనాలతో నీరసించి చచ్చిపోతుంది. చేసినవాళ్లంతా మంచివాళ్లే, జాలిపడే చేశారు. ఇలా పోయిన పిల్లల్ని నేను చూశాను కాబట్టే ఈ సంగతి మీకు సగం సగం చెప్పి వదిలెయ్యను.

ముందు అది ఎవరి పిల్లో చెప్తాను. మన పొలాల్లో తిరిగేది కృష్ణజింక. మగది ఎదిగేకొద్దీ వీపు నల్లబడుతుంది, కొమ్ములు మెలితిరుగుతూ పైకి లేస్తాయి. ఆడదానికి సాధారణంగా కొమ్ములుండవు. ఒళ్లు గోధుమరంగు, కడుపు తెలుపు. పిల్ల ఆడదైనా మగదైనా పుట్టినప్పుడు తల్లి రంగే. మనం అన్నిటినీ జింకలే అంటాం గానీ, శాస్త్రం ప్రకారం కృష్ణజింక ఆవులూ మేకలూ ఉన్న కుటుంబంలోది. చుక్కల దుప్పి, కణితి వేరే కుటుంబం. వాటిలో మగవాటి కొమ్ములు ఊడిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ము ఒకసారి మొలిస్తే జీవితాంతం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌కు ఇది రాష్ట్ర జంతువు. తెలంగాణ చుక్కల దుప్పిని ఎంచుకుంది. మీరు హైదరాబాద్ తిరిగి వెళ్లాక చూడాలనుకుంటే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన నేల. మహావీరుడి నిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. అటు నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఆ పిట్ట తగ్గిపోయింది, కృష్ణజింకలు మాత్రం పెరిగాయి.

ఇది దట్టమైన అడవిలో ఉండే జంతువు కాదు. చూపు ఎంత దూరం పోతే అంత దూరం కనబడే గడ్డినేల దీనికి కావాలి, ఎందుకంటే దీని బలమంతా కంటిచూపులోనూ కాళ్లలోనూ ఉంది. ఎదిగిన కృష్ణజింక గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. తోడేలును దూరాన పసిగడితే చాలు, బతికిపోతుంది. ఆ గడ్డినేలల్ని మనం చాలావరకు దున్నేసుకున్నాం. ఇప్పుడు దాని ఇల్లూ మన చేనూ ఒకటే అయిపోయాయి.

మరి పిల్ల సంగతో? తల్లి దాదాపు ఆరు నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే ఈనుతుంది. పుట్టిన కాసేపటికే పిల్ల తడబడుతూ లేచి నిలబడుతుంది, నాలుగడుగులు వేస్తుంది. కానీ తోడేలు తరిమితే తప్పించుకునే పరుగు ఆ కాళ్లకు అప్పుడే రాదు. ఆ మధ్యలో ఉన్న రోజుల్ని గట్టెక్కించాలి. అందుకు గిట్టల జంతువుల్లో రెండు పద్ధతులున్నాయి.

ఒకటి, పిల్ల తల్లి వెంటే తిరగడం. గొర్రెపిల్లను చూడండి, పుట్టిన పూటే తల్లి పక్కనే నడుస్తుంటుంది. ఆఫ్రికాలో సెరెంగెటి మైదానాల విల్డెబీస్టులదీ ఇదే దారి. అక్కడ మందలోని ఆడవాటిలో ఎక్కువ భాగం రెండు మూడు వారాల వ్యవధిలోనే ఈనేస్తాయి. పుట్టిన కొద్ది నిమిషాలకే పిల్ల లేచి మందతో కదులుతుంది. సింహాలూ హైనాలూ తిన్నన్ని తిన్నా ఇంకా వేలకు వేలు మిగులుతాయి.

రెండోది దాక్కోవడం. కృష్ణజింక, చుక్కల దుప్పి, మనుబోతు, మేక అన్నీ ఈ దారివే. ఆవు కూడా. కొట్టంలో ఈనే ఆవును చూసి ఈ సంగతి తెలుసుకోలేం. మేతకెళ్లి బీట్లోనే ఈనిన ఆవును చూడాలి. దూడను పొదలో పడుకోబెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి మందలో మేస్తుంది. పశులకాపరి పొదలన్నీ వెతుకుతాడు, ఆవు మాత్రం అటు తలెత్తి చూడను కూడా చూడదు. పొదుగు నిండి చేపుకొచ్చే వేళకు తనంతట తనే వెళ్తుంది. అప్పుడు వెనకాలే పోతే దూడ దొరుకుతుంది. తెలిసిన కాపరి వెతకడు, కాచుకుంటాడు. వేల ఏళ్లుగా మనిషి కట్టుకొయ్యకు కట్టేసినా ఆవులో ఆ అడవి బుద్ధి చెక్కుచెదరలేదు.

కాబట్టి చిన్నదాని ప్రశ్నకు జవాబు ఇది. వాళ్లమ్మ రెండు మూడు చేల అవతల మేస్తోంది, పిల్ల ఉన్న వైపే చెవి పెట్టి. దగ్గర ఉండకపోవడమే అది చేస్తున్న కాపలా. తల్లి ఒళ్లు పెద్దది, వాసన ఎక్కువ, కదలిక దూరానికే కనబడుతుంది. పక్కనే నిలబడితే పిల్ల ఉన్న చోటు నక్కకు తనే చూపించినట్టవుతుంది. పిల్లకు నీడ ఉంది, కడుపులో పాలున్నాయి, పడుకోవడం తప్ప పని లేదు. ఆ గంటల్లో దానికి తల్లి అక్కర్లేదు.

దాగే చోటు ఎవరు ఎంచుకుంటారో తెలుసా? పిల్లే. ఈ సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా ఆశ్చర్యమే. తల్లి పాలిచ్చి ఒక చోటు దాకా తీసుకొస్తుంది, అంతవరకే. అక్కణ్నుంచి పిల్ల తనే నడిచి వెళ్లి, ఒక దుబ్బునో గుబురునో చూసుకుని, ఒకటి రెండు సార్లు తిరిగి ముడుచుకుని పడుకుంటుంది. తల్లికి కచ్చితంగా ఏ దుబ్బు కిందో తెలియకపోవచ్చు, ఏ వైపో తెలుసు. మళ్లీ వచ్చినప్పుడు అది దుబ్బులు వెతకదు. కొంచెం దూరంలో ఆగి సన్నగా పిలుస్తుంది. పిల్ల లేచి వస్తుంది. దీంట్లో ఒక లాభం చూడండి. తల్లిని వెంబడించి వచ్చిన నక్కకు కూడా పిల్ల ఉన్న చోటు సూటిగా దొరకదు.

ఇక వాసన సంగతి. నక్క, తోడేలు, కుక్క వేటాడేది కంటితో కంటే ముక్కుతో ఎక్కువ. ఈనగానే తల్లి పిల్లను ఒళ్లంతా నాకి శుభ్రం చేస్తుంది, మాయను తినేస్తుంది. గడ్డి తినే జంతువు మాయ తినడమేమిటి అంటారా? మన ఆవులు కూడా తినబోతాయి కదా, రైతు పక్కనే కాచుకుని మాయ పడగానే తీసి పూడ్చేస్తాడు. అడవిలో అయితే నేల మీద మిగిలిన నెత్తుటి వాసన గుంటనక్కను పిలుస్తుంది, అందుకని తల్లే ఆ ఆనవాలు లేకుండా చేస్తుంది. ఇంకో విచిత్రం చెప్తాను, ముక్కు మూసుకోకండి. ఈ వయసు పిల్లలు తమంతట తాము మలమూత్రాలు విడవవు. తల్లి పాలిస్తూ తోక కింద నాకినప్పుడే విడుస్తాయి, విడిచినవాటిని తల్లి అప్పటికప్పుడే మింగేస్తుంది. పిల్ల పడుకున్న చోట చుక్క తడి ఉండదు, వాసన ఉండదు. పిల్ల ఒంటికి వాసన బొత్తిగా లేకపోలేదు గానీ ఎదిగినదానితో పోలిస్తే చాలా తక్కువ. కుక్క కాస్త దూరంలోంచే పోతూ కూడా పసిగట్టలేకపోవచ్చు.

రంగు కూడా తోడ్పడుతుంది. మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలు, కుక్కకూ నక్కకూ తోడేలుకూ రెండే రకాలు. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ ఛాయల్లో వాటికి పెద్ద తేడా తెలియదు. పచ్చటి కందిచేలో గోధుమరంగు పిల్ల మనకు ఇట్టే కనిపించింది గానీ, వాటి కంటికి అది ఆకుల్లో కలిసిపోతుంది. చుక్కల దుప్పి పిల్లకు చుక్కలుంటాయి, అది చెట్ల కింద పుడుతుంది కాబట్టి. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చల మధ్య చుక్కల ఒళ్లు దొరకదు. బయలు నేలలో పుట్టే కృష్ణజింక పిల్లకు చుక్కలతో పనిలేదు, అందుకే లేవు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కదిలించేది దాని గుండె. మనకు భయమేస్తే గుండె దడదడలాడుతుంది, ఊపిరి వేగం హెచ్చుతుంది, కాళ్లు పరుగుకు సిద్ధమవుతాయి. ఈ పిల్లకు సరిగ్గా తలకిందులు. అమెరికాలో తెల్లతోక జింక పిల్లల గుండె కొట్టుకునే తీరును పరిశోధకులు కొలిచి చూశారు. ముప్పు దగ్గరికి రాగానే గుండె వేగం ఒక్కసారిగా బాగా పడిపోయింది, ఊపిరి కూడా నెమ్మదించింది. మెదడు నుంచి గుండెకు దిగే నాడి ఒకటుంది, వేగస్ నాడి అంటారు. గుండెకు కళ్లెం వేసేది అది. ఆ కళ్లేన్ని పిల్ల శరీరం తనంతట తనే బిగిస్తుంది. ఊపిరి నెమ్మదిస్తే డొక్క కదలిక తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది. వారాలు గడిచేకొద్దీ ఈ స్పందన తగ్గిపోతుంది, కాళ్లలో బలం పెరిగి పిల్ల లేచి పరుగెత్తడం మొదలుపెడుతుంది.

మనం పొరబడేది సరిగ్గా ఇక్కడే. చెయ్యి వేస్తే కదల్లేదు. ఎత్తుకుంటే గింజుకోలేదు. ఒళ్లో పెట్టుకుంటే మెడ వాల్చేసి పడుకుంది. ‘చూడండి, ఎంత మచ్చికైపోయిందో! నన్ను నమ్మింది’ అని మురిసిపోతాం. అది నమ్మకం కాదు పిల్లలూ, ప్రాణభయం. ఒళ్లంతా బిగబట్టుకుని ఈ గండం ఎప్పుడు గడుస్తుందా అని కాచుకుని ఉంది. మీరు నిమిరినన్ని సార్లూ ఆ భయం పెరుగుతుందే గానీ తగ్గదు. ఏ జంతువు విషయంలోనైనా, కదలకుండా ఉంది కాబట్టి హాయిగా ఉంది అనుకోవద్దు.

మీ మేనమామ జర్మనీలో ఉంటాడు కదా, ఈసారి ఫోన్ చేసినప్పుడు అక్కడి రో జింకల గురించి అడగండి. అక్కడ మే, జూన్ నెలల్లో రో జింకలు గడ్డి బయళ్లలో ఈనుతాయి. సరిగ్గా అవే రోజుల్లో రైతులు పశువుల మేత కోసం ఆ గడ్డిని యంత్రాలతో కోస్తారు. యంత్రం చప్పుడు చేసుకుంటూ వస్తుంటే పిల్ల పరుగెత్తదు, ఇంకా గట్టిగా నేలకు అంటుకుపోతుంది. నక్క దగ్గర ప్రాణం నిలిపిన గుణమే కోత యంత్రం ముందు ప్రాణం తీస్తుంది. అందుకని అక్కడ ఊరి వాళ్లు, వేటగాళ్లు, రైతులు కలిసి తెల్లవారకముందే చేలకు వెళ్తారు. వేడిని చూసే కెమెరా బిగించిన డ్రోన్ ఎగరేస్తారు. నేల రాత్రంతా చల్లబడి ఉంటుంది కాబట్టి పిల్ల ఒంటి వేడి తెరమీద స్పష్టంగా కనబడుతుంది. పొద్దెక్కితే నేలా వేడెక్కుతుంది, ఇక తేడా తెలియదు. ఆలోపే పని అయిపోవాలి. 2021 నుంచి అక్కడి ప్రభుత్వం ఇలాంటి డ్రోన్లు కొనడానికి సాయం కూడా చేసింది. పిల్ల దొరికితే వట్టి చేత్తో పట్టుకోరు. చేతినిండా గడ్డి తీసుకుని, ఆ గడ్డితో సహా ఎత్తి, గట్టు వార నీడలో పెట్టెలో పెడతారు. కోత కాగానే వదిలేస్తారు. తల్లి వచ్చి పిలుచుకుంటుంది.

మన వైపు జొన్నకైనా, కందికైనా, వరికైనా కోత మిషన్లు వచ్చేశాయి. డ్రోన్ లేకపోయినా కోతకు ముందు ఒకరిద్దరు మనుషులు సాళ్ల వెంట ఒకసారి నడిచి చూస్తే చాలా పిల్లలు బతుకుతాయి. చుట్టూ అంచుల నుంచి కోసుకుంటూ లోపలికి వస్తే చేలో ఉన్న ప్రాణులన్నీ నడిమధ్య ఇరుక్కుపోతాయి. నడుమ నుంచి మొదలుపెట్టి బయటికి కోసుకుంటూ వస్తే, కాళ్లొచ్చిన పిల్లలకూ కుందేళ్లకూ పక్క చేలోకి పోయే దారి ఉంటుంది.

మనిషి చెయ్యి తగిలితే తల్లి ఇక పిల్లను ముట్టదు అనే మాట మీరు వినే ఉంటారు. జింకల విషయంలో అది దాదాపు అపోహే. మన వాసన తగిలినంత మాత్రాన కన్నపిల్లను వదిలేసే తల్లి కాదు అది. అలాగని ముట్టుకోవచ్చని కాదు. అసలు నష్టం వేరే ఉంది. మనం అక్కడ నిలబడి ఉన్నంతసేపూ తల్లి రాదు. పది మంది వంతులవారీగా వచ్చి చూసిపోతుంటే పూటంతా పాలు తప్పిపోతాయి. మనం నడిచిన దారి వెంట మన వాసన ఉంటుంది, ఆ వాసన వెంట ఊరకుక్క వస్తుంది. ఎవరికైనా చూపించాలని ఉంటే దూరం నుంచి ఒక్క ఫొటో తీసుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగిపోవడం మేలు. ఆ ఫొటో కింద చేను ఆనవాలు రాయకండి.

ఇప్పుడు పాల సంగతి. ఇది కొంచెం నిదానంగా వినండి. రోజంతా పిల్లను వదిలి ఉండాలంటే, పట్టిన కొద్దిసేపట్లోనే కడుపు నిండే చిక్కటి పాలు కావాలి. ఎర్రజింక పాలలో కొవ్వూ, మాంసకృత్తులూ రెండూ ఆవుపాలకు దాదాపు రెట్టింపు. ఆవుపాలు పడితే పిల్లకు కడుపు నిండినట్టు ఉంటుంది గానీ సత్తువ చాలదు, అరగక విరేచనాలు పట్టుకుంటాయి. అంతకంటే పెద్ద చిక్కు కడుపులోనే ఉంది. నెమరువేసే జంతువుకు కడుపులో నాలుగు గదులు. మొదటి పెద్ద గది గడ్డిని పులియబెట్టడానికి. పాలకు ఆ గదిలో పని లేదు, అవి సరాసరి నాలుగో గదికి పోవాలి. పిల్ల మెడ చాచి, పొదుగును కుమ్ముతూ, చప్పరించి తాగుతున్నప్పుడు అన్నవాహిక చివర కండరం ఒకటి మడుచుకుని కాలవలా ఏర్పడుతుంది. మడవ తిప్పి నీళ్లను ఒక మడి దాటించి ఇంకో మడికి పంపినట్టు, పాలు మొదటి గదిని దాటుకుని నాలుగో గదికి చేరతాయి. మనం పిల్లను ఒళ్లో వెల్లకిలా వేసుకుని నోట్లో గ్లాసుతో పోస్తే ఆ మడవ పడదు. పాలు పెద్ద గదిలోకి జారి అక్కడే పులిసిపోతాయి, కడుపు ఉబ్బుతుంది. కొన్నిసార్లు పొరపోయి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి, న్యుమోనియా వస్తుంది. మొదటి వారం పిల్లకు తోక కింద నాకే తల్లి కూడా లేదు కాబట్టి మలమూత్రాలూ బిగిసిపోతాయి. ఆకలితో ఉందని మనం చేసే ప్రతి పనీ దాన్ని చావు వైపు ఒక్కో అడుగు తీసుకుపోతుంది.

ఏదో అదృష్టం కొద్దీ బతికి పెరిగిందనుకోండి, కథ అక్కడా సుఖాంతం కాదు. మనుషుల మధ్య పెరిగిన పిల్లకు మనిషంటే భయం ఉండదు, కుక్కంటే భయం ఉండదు. మంద భాష రాదు. మగదైతే రెండు మూడేళ్లకు కొమ్ములు ఎదిగి, జతకట్టే రోజుల్లో మనిషినే పోటీ మగదిగా ఎంచి పొడవడానికి వస్తుంది. పాలు పట్టి పెంచిన చేతినే పొడుస్తుంది. అడవిలో వదిలితే బతకలేదు, ఇంట్లో ఉంచుకోలేం. పైగా కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పట్టుకోవడం, పెంచుకోవడం నేరం, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా పడవచ్చు. చట్టం మాట చివర చెప్పడానికి కారణం ఉంది. జైలుకు భయపడి మీరు ఆగడం నాకు అంత గొప్పగా అనిపించదు. ఆ పిల్లకు ఏం జరుగుతోందో తెలిసి ఆగాలి.

ఇంకో మాట, తరమవద్దు. కాస్త పెద్దయిన పిల్ల దుబ్బులోంచి లేచి ఉరికితే మీ వయసు వాళ్లకు వెంటపడాలని అనిపిస్తుంది, తెలుసు. జింకజాతి ఒంట్లో ఒక ప్రమాదం ఉంది. విపరీతమైన భయంతో ఉరికించినా, పట్టుకుని గింజుకోనిచ్చినా కండరాలు తమలో తామే దెబ్బతింటాయి. ఆ కండరాల్లోని పదార్థం నెత్తుట్లో కలిసి మూత్రపిండాలను పాడుచేస్తుంది, మూత్రం ముదురు రంగుకు మారుతుంది. పట్టుకున్నప్పుడు నిక్షేపంగా కనిపించిన జింక రెండు మూడు రోజుల తర్వాత హఠాత్తుగా పడి చచ్చిపోవడం ఇందువల్లే. ఒక్క గాయం కూడా కనబడదు. ‘బెంగతో పోయింది’ అంటారు. అడవి జంతువులను తరలించే పశువైద్యులు ఎక్కువగా భయపడేది దీనికే.

మన పక్కింటి పెద్దాయన ఈ మాటలు వింటే ఏమంటాడో నాకు తెలుసు. ‘మాస్టారూ, మొలక మీద మంద పడితే ఎకరం పత్తి ఒక్క రాత్రిలో పోతుంది. మీరేమో పిల్లను కాపాడమంటారు’ అంటాడు. ఆయన బాధ నిజం. విత్తనం, ఎరువు, కూలీ అప్పుతెచ్చి పెట్టి, మొలకల్ని మందపాలు చేసుకున్న రైతుకు జింక అందం కనబడదు, కనబడాలని అడిగే హక్కు నాకు లేదు. పంట నష్టానికి పరిహారం సక్రమంగా, త్వరగా అందాలి. మందలు కాస్త మేసుకోవడానికి బీళ్లు, గడ్డినేలలు మిగలాలి. పాతకాలపు బంచరాయి భూములన్నీ పట్టాలైపోయాక జింక చేలోకి రాక ఎక్కడికి పోతుంది? ఇది పిల్లలు తేల్చే సంగతి కాదు, మా పెద్దవాళ్లం తేల్చాల్సింది. కానీ ఒకటి చెప్పాలి. మొలక మేసేది మంద. రెండు వారాల పిల్ల ఇంకా తల్లిపాల మీదే ఉంది, దాని వల్ల పోయే పంట లేదు. చేలో పిల్ల ఉందని తెలిసి కుక్కల్ని వదలని రైతులు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. గట్టున కూర్చుని ఆ సాలు కలుపు మర్నాటికి వాయిదా వేసుకున్న ఆడకూలీలనూ చూశాను.

ఈ పిల్లలకు నక్కలూ తోడేళ్లూ పాత శత్రువులు, వాటితో లెక్క లక్షల ఏళ్లది. కొత్త శత్రువు కుక్క. తోడేలు సాధారణంగా ఆకలికే వేటాడుతుంది, కుక్కకు ఇంటి దగ్గర అన్నం ఉంటుంది, అయినా గుంపుగా వచ్చి ఆటకోసం తరుముతుంది. ఊరి పక్కన చెత్త ఎంత పోగుపడితే కుక్కలు అంత పెరుగుతాయి. లేడిపిల్లను కాపాడాలని మనసులో ఉంటే ముందు మన పెంటకుప్పల సంగతి చూసుకోవాలి. కుక్కతో పొలానికి వెళ్లేటప్పుడు తాడు కట్టుకుని వెళ్లాలి.

ఇక తల్లి నిజంగానే లేని పిల్ల ఉండదా? ఉంటుంది. రోడ్డు మీద బండి గుద్ది తల్లి చచ్చి పడి ఉంటే, పక్కన పిల్ల తిరుగుతుంటే, అది తప్పక అనాథే. కుక్క కరిచి నెత్తురు కారుతున్నా, గాయం మీద ఈగలు ముసిరి తెల్లగా గుడ్లు పెట్టినా, కంచెలోనో పాతబావిలోనో ఇరుక్కున్నా ఆగకూడదు. దాక్కున్న పిల్ల మామూలుగా అరవదు. గంటల తరబడి అరుస్తూ, తనంతట తనే లేచి అటూ ఇటూ తిరుగుతూ, ఎదురొచ్చిన మనిషి వెంటే పడుతుంటే ఆకలి మితిమీరిందని అర్థం. చెవుల కొసలు వెనక్కి చుట్టుకుపోయి ఉంటే ఒంట్లో నీరు ఇంకిపోయిందని అమెరికాలో జింకపిల్లల్ని సాకేవాళ్లు గుర్తుపడతారు. ఇవేవీ లేకుండా మెత్తగా ముడుచుకుని, కళ్లు తెరుచుకుని, మాట్లాడకుండా ఉన్న పిల్లను అక్కడే వదిలేయండి. అనుమానం తీరకపోతే దూరం నుంచి చూసి మర్నాడు పొద్దున మళ్లీ ఒక్కసారి వెళ్లి చూడండి. చాలాసార్లు ఆ దుబ్బు కింద ఏమీ ఉండదు, రాత్రి పాలు తాగి వేరే చోటు చూసుకుని ఉంటుంది.

దెబ్బ తగిలిన పిల్ల దొరికితే అటవీశాఖ బీట్ ఆఫీసరుకు గానీ, మండల పశువైద్యుడికి గానీ ఫోన్ చేయించండి. వాళ్లు వచ్చేలోపు గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తటి గడ్డి పరిచి, పిల్లను కూర్చోబెట్టి, పైన పల్చటి బట్ట కప్పి, చీకటిగా, చల్లగా ఉన్న గదిలో పెట్టాలి. చుట్టూ మనుషులుండకూడదు, మాటలుండకూడదు, కుక్క అరుపు వినిపించకూడదు. నోట్లో ఏమీ పోయకూడదు, నీళ్లు కూడా. ఫోన్‌లో అడగకపోయినా ఎక్కడ దొరికిందో చెప్పండి, ఊరి పేరుతో సరిపెట్టకుండా ఎవరి చేను, ఏ గట్టు వైపు, ఏ చెట్టుకు దగ్గర అని. గాయం చిన్నదైతే కట్టు కట్టాక పిల్లను తిరిగి అదే చోట దించుతారు. ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు, తల్లి ఆ చేలోకే వచ్చి పిలుస్తుంది.